స్టాక్ ఫొటోలు: కొత్తవాళ్ళు సంఖ్య పెంచాలా, ఏరి పెట్టాలా?

గోరింట: స్టాక్ సైట్లలో, అంటే మన ఫొటోలను ఇతరుల వాడకానికి అమ్మిపెట్టే చోట్ల, మొదట్లో వారానికి వంద ఫొటోలు ఎక్కించాలని కొందరు, పది చాలని కొందరు. ఏది సరైన పద్ధతి?

క్లిక్‌రాయుడు: వందే. ఏది అమ్ముడవుతుందో ముందే ఎవరూ చెప్పలేరు. అడోబీ స్టాక్ అనే సైటు ఫొటో అమ్మిన ధరలో మనకు 33 శాతం ఇస్తుంది. షట్టర్‌స్టాక్ అనే మరో సైటులో అది 15తో మొదలై అమ్మకాలను బట్టి 40 దాకా వెళ్తుంది, ప్రతి జనవరి 1న లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. చందాదారుల డౌన్‌లోడ్ మీద చేతికందేవి చాలాసార్లు సెంట్లే. అడోబీలో 25 డాలర్లు పోగైతేగానీ డబ్బు తీసుకోలేం. పది ఫొటోలతో అది ఎప్పటికయ్యేను?

నీడవెలుగు: ఏ వంద అన్నదే ప్రశ్న. ఒకే కప్పును పన్నెండు కోణాల్లో తీసి పంపితే ‘ఒకేలా ఉన్నాయి’ అని తిప్పికొడతారు. గట్టెక్కినా వాటిలో అవే పోటీ పడతాయి. ఒక్కో అమరికకు మూడు చాలు: అడ్డం ఒకటి, నిలువు ఒకటి, పక్కన రాతకు చోటు వదిలింది ఒకటి. డిజైనర్లు వెతికేది ఎక్కువగా ఆ మూడోదే.

పంపేముందు 100 శాతం జూమ్‌లో చూడండి. మనిషైతే కెమెరాకు దగ్గరున్న కంటి మీద ఫోకస్ ఉందా? చీకటిగా తీసి తర్వాత ఎక్స్‌పోజర్ (వెలుగు) పెంచితే నీడల్లో నాయిస్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, తేలుతుంది. కదలని వస్తువులకు ట్రైపాడ్, ఐఎస్‌ఓ (సెన్సార్ వెలుగును పట్టే స్థాయి) 100, ఎఫ్/8 (లెన్స్ రంధ్రం మధ్యస్థంగా) పెడితే ఆ గొడవే లేదు. నాయిస్ తగ్గించే స్లైడర్ చివరిదాకా జరిపారా, చర్మం మైనపు బొమ్మలా తయారవుతుంది. క్రాప్ చేశాక (అంచులు కత్తిరించాక) 4 మెగాపిక్సెళ్ళ కంటే తగ్గితే ఈ రెండు చోట్లా తీసుకోరు.

క్లిక్‌రాయుడు: మూడు కోణాల మాట ఒప్పుకుంటాను. పది పంపి చేతులు కట్టుకోవడం మాత్రం కాదు. పదేపదే ఏ కారణంతో తిరస్కరిస్తున్నారో తెలియాలంటే విషయాలు మార్చి మార్చి పంపాల్సిందే.

తోరణం: ఇద్దరూ కీవర్డులు, అంటే కొనేవాళ్ళు ఫొటో వెతికే మాటలు, మరిచారు. అడోబీలో 49 దాకా పెట్టొచ్చు, మొదటి పదింటికే బరువెక్కువ. షట్టర్‌స్టాక్‌లో 7 నుంచి 50. నింపాలి కదా అని సంబంధం లేని మాటలు కుక్కకండి. ఫొటోలు సవరించే లైట్‌రూమ్ ప్రోగ్రాములో వాటిని ఫైలులోనే రాసేస్తే ప్రతి సైటులో మళ్ళీ టైపు చేయక్కర్లేదు. వందకు ఇదంతా ఓపిగ్గా చేయగలిగితే వందే పంపండి!

ఇక గుర్తుపట్టగలిగే మనిషి ఉంటే మోడల్ రిలీజ్ (ఫొటో వాడుకోవచ్చని ఆ మనిషి ఇచ్చే అనుమతి పత్రం) మీద సంతకం తప్పదు, పిల్లలైతే తల్లిదండ్రులో సంరక్షకులో చేయాలి. చొక్కా మీద లోగో, గోడ మీద చిత్రం కూడా చూసుకోవాలి, వాటి హక్కులు వేరేవాళ్ళవి కదా.

గోరింట: సంతకం దొరక్కపోతే ఎడిటోరియల్ (వార్తలూ వ్యాసాల వాడకానికే) కింద పెట్టి, లోగో చెరిపేయొచ్చాండీ?

తోరణం: షట్టర్‌స్టాక్‌లో ఎడిటోరియల్‌కు రిలీజ్ అక్కర్లేదు, కానీ చెరపడం కుదరదండీ. ఉన్నది ఉన్నట్టే ఉండాలి, వెలుగు రంగుల స్వల్ప సవరణ వరకే. క్యాప్షన్‌లో చోటు, తేదీ, ఏం జరుగుతోందో రాయాలి. దాన్ని ప్రకటనలకు వాడకూడదు కాబట్టి కొనేవాళ్ళూ తక్కువే. లోగో చెరిపి కమర్షియల్‌గా (ప్రకటనలకూ వాడేలా) పెట్టాలంటే మళ్ళీ ఆ సంతకమే కావాలి.