హన్మకొండలో డాబా మీద తేనె పెట్టెలు పెట్టొచ్చా?

డాబాతోట:
అందరికీ నమస్తే. మాది హన్మకొండలో రెండంతస్తుల ఇల్లు, డాబా మీద కుండీల్లో సొర, బీర, దోస పెట్టిన. పూత మస్తుగా ఉంది గానీ పిందె నిలుస్తలేదు. తేనెటీగలుంటే కాస్తయని ఎవరో చెప్పిండ్రు, తేనె కూడా వస్తదాయె, అందుకని ఈ ఏప్రిల్‌లోనే రెండు పెట్టెలు కొందామనుకుంటున్న. అమ్మకేమో టెన్షన్, పక్కింట్లో చిన్నపిల్లలున్నరు. కొత్తోళ్లకు అయ్యే పనేనా?

నర్సంపేట_తోట:
అయ్యే పనే తమ్మీ, కానీ ఏప్రిల్‌లో మాత్రం వద్దు. నేను మొదటిసారి అదే తప్పు చేసిన. ఉగాదికి వేప, కానుగ పూత చూసి ఆశపడి తెచ్చిన, మే వచ్చేసరికి పూత అయిపోయింది, ఎండ మిగిలింది. ఒకరోజు మధ్యాహ్నం పోయి చూస్తే లోపల మైనం మెత్తబడి ఒక తెట్టె చెక్క ఫ్రేములోంచి జారి కింద పడింది, తేనె పెట్టె గుమ్మం నుంచి కారుతుంటే చీమలు బారు కట్టినయి. ఉత్త డాబా మీద నీడ లేకుంటే అదే గతి, పైన గ్రీన్ నెట్ అయినా కట్టాలె. పెట్టె స్టాండు కాళ్లకు నీళ్ల గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు, కాకపోతే ఎండకాలం ఆ నీళ్లు ఒక్క పూటలో ఇంకిపోతయి, మర్చిపోయినవో అంతే. తాగడానికి వేరే పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పెట్టు, లేకుంటే పక్కింటోళ్ల కుళాయి దగ్గర మూగుతయి, పంచాయితీ అక్కడే మొదలు. వానలు తగ్గినంక అక్టోబర్, నవంబర్‌లో మొదలుపెడితే వేప పూత నాటికి ఈగ బలపడుతది.

ఇంకోటి, సొర పువ్వు, బీర పువ్వు పొద్దుగూకంగ విచ్చుకుంటయి. ఆ వేళకు తేనెటీగలు ఇల్లు చేరుకుంటయి. ఆ రెండింటికీ సాయంత్రం మగపువ్వు తెంపి ఆడపువ్వుకు నువ్వే రుద్దు, పైస ఖర్చు లేదు. దోసకైతే ఈగలు పనికొస్తయి.

ములుగు_అక్క:
పై తమ్ముడు చెప్పింది నిజం. నేను కొనేటప్పుడు మోసపోయిన సంగతి చెప్తా. అమ్మినాయన ‘ఈగ ఫుల్లుగా ఉందమ్మా’ అన్నడు, ఫ్రేము ఎత్తి చూస్తే ఒక్కో గదిలో నాలుగైదు గుడ్లు. మస్తు గుడ్లున్నయని మురిసిపోయిన! తర్వాత తెలిసింది, రాణి గదికి ఒక్కటే పెడుతదట, అట్ల గుంపుగా ఉంటే చాలాసార్లు రాణి చచ్చిపోయి కూలి ఈగలు పెట్టినవే. వాటినుంచి పోతుటీగలే పుడతయి, పని చేసేది ఒక్కటి పుట్టదు. అందుకే వెలుగుకు పట్టి గది అడుగున చూడు, సన్న దారప్పోగు ముక్కలాగ నిలబడి ఉంటది గుడ్డు.

చెట్ల మీద వేలాడే పెద్ద తెట్టె ఈగను తెచ్చి పెట్టెల పెడతనని మాత్రం అనుకోకు, అది పెట్టెల ఉండదు, కుడితే గుంపుగా కుడతది. జుంటి తేనె ఈగ కూడా అంతే. మన పుట్టతేనె ఈగ గానీ ఇటాలియన్ ఈగ గానీ ఉంటయి. ఇటాలియన్ తేనె ఎక్కువిస్తది గానీ పూత లేనప్పుడు చక్కెర పాకం పెట్టాలె, లేకుంటే పెట్టెల్ని పూత ఉన్న చోటికి మోసుకపోవాలె. మనది చిన్నది, ఓర్పుగలది, కానీ అలిగితే పెట్టె వదిలి లేచిపోతది.

పరకాల_పత్తి:
చుట్టూ పత్తి చేన్లుంటే పురుగు మందు కొట్టే రోజు ముందే కనుక్కోవాలె, మాకు ఒక్క పొద్దుల పెట్టె గుమ్మం ముందు చచ్చిన ఈగలు దోసెడు పడ్డయి. మొక్కజొన్న చూసి సంబరపడకు, పుప్పొడే ఇస్తది, తేనె ఇయ్యదు.
కుడితే ముల్లును గోరుతో గీకి వెంటనే తీసెయ్, ఎంత ఆలస్యమైతే అంత విషం ఎక్కుతది. ఎవరికైనా ఊపిరాడకపోయినా, మొహం ఉబ్బినా ఇంటి వైద్యం చెయ్యకుండ దవాఖానకు ఉరకాలె. పెట్టె గుమ్మం పక్కింటి వైపు పెట్టకు, ఎదురుగా ఆరడుగుల నెట్ కడితే ఈగలు పైకి లేచి పోతయి.

డాబాతోట:
థ్యాంక్స్ అక్కా, అన్నలూ. సొర సంగతి నాకు అసలు తెల్వదు, నిన్న సాయంత్రమే నాలుగు ఆడపువ్వులకు రుద్దిన. పెట్టెలు దసరా అయినంకే. పక్కింటావిడతో మాట్లాడిన, మొదటి సీసా ఆమెకేనని ఒప్పుకున్న తర్వాతే సరే అన్నది.