పెద్ద సరుకు ఓడను రెండు ముక్కలుగా కట్టి అతకడం సబబేనా?

డెక్ ఆఫీసర్:
నది ఒడ్డు యార్డుల్లో స్లిప్‌వే, అంటే ఓడను కట్టి నీళ్లలోకి జార్చే వాలు, పొట్టిగా ఉంటుంది, ఎదుటి గట్టేమో దగ్గర. 200 మీటర్ల ఓడ అక్కడ పట్టదు. అందుకని ముందు సగం, వెనక సగం విడివిడిగా కట్టి నీళ్లలోకి దించి, ఆ తర్వాత కలిపి వెల్డింగ్ చేస్తారు. నాకు ఇది అస్సలు నచ్చదు. అలల మీద ఓడ వంగినప్పుడు ఎక్కువ ఒత్తిడి పడేది నడుం మీదే, వీళ్ల అతుకూ అక్కడే. తుఫానులో ఆ అతుకు మీద నిలబడేది మేం. నదీ యార్డులు చిన్న ఓడలు కట్టుకుంటే చాలు.

వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్:
సార్, మీ భయం అర్థమైంది. కానీ పెద్ద డ్రైడాక్‌లో, అంటే నీళ్లు తోడేసి పొడిగా చేసే రేవు గుంటలో, కట్టిన ఓడ కూడా బ్లాకులు బ్లాకులుగా అతికిందే. దాని నడుం దగ్గరా అడ్డంగా అతుకులుంటాయి. ఎం.ఓ.ఎల్. కంఫర్ట్ సంగతి చూడండి. 316 మీటర్ల కంటైనర్ ఓడ, 2013 జూన్‌లో హిందూ మహాసముద్రంలో రెండుగా విరిగింది. దాన్ని సగాలుగా కట్టలేదే! స్కెనెక్టడీ అనే ట్యాంకర్ అయితే 1943 జనవరిలో రేవులో కట్టేసి ఉండగానే పగిలింది. చలికి పెళుసెక్కే ఉక్కు, నాసి వెల్డింగ్ దాని కొంప ముంచాయి.

రెండు సగాలు కలిపే పని నేను దగ్గరుండి చూశాను. ఎండకి డెక్ వేడెక్కి సాగుతుంది, నీళ్లలో ఉన్న అడుగు చల్లగానే ఉంటుంది. దాంతో ఒక్కో సగం విల్లులా వంగి, అతకాల్సిన అంచు కిందికి దిగుతుంది. అందుకే కొలతలన్నీ తెల్లవారకముందే తీశాం. ఒక ట్యాంకులోంచి ఇంకో ట్యాంకులోకి బల్లాస్ట్ నీళ్లు (ఓడ బరువు సర్దే నీళ్లు) తోడుతూ, టార్చి వేసి సందు చూస్తూ, మిల్లీమీటర్ల లెక్కన దగ్గరికి తెచ్చాం. ఇంతలో ఓ టగ్, ఓడల్ని లాగే చిన్న పడవ, పక్కనుంచి పోయింది. ఆ చిన్న అలకే అంచులు కదిలిపోయాయి, మళ్లీ మొదటికి! తర్వాత అతుకు పొడవునా అల్ట్రాసోనిక్ పరీక్ష చేశాం, శబ్ద తరంగాలతో లోపలి పగుళ్లు వెతికాం. అంత శ్రద్ధ మామూలు బ్లాకు అతుకు మీద నేనెప్పుడూ చూడలేదు.

పాత ఓడల అభిమాని:
అమెరికా మహా సరస్సుల మీద తిరిగే స్టీవర్ట్ జె. కోర్ట్ అనే సరుకు ఓడను మర్చిపోవద్దు. పొడవు 1000 అడుగులు. సముద్రం వైపు నుంచి పై సరస్సులకు వెళ్లే దారిలోని వెల్లండ్ కాలువలో అప్పట్లో 730 అడుగులు మించితే పట్టేది కాదు. అందుకని ముందు భాగం, వెనక భాగం మిసిసిప్పీ రాష్ట్రంలోని పాస్కగూలాలో కట్టి, రెంటినీ తాత్కాలికంగా కలిపి, ఆ పొట్టి ఓడను సొంత ఇంజిన్లతోనే సరస్సుల దాకా నడిపించారు. సరస్సు ఒడ్డున ఈరీ పట్టణంలో దాన్ని మళ్లీ కోసి, అక్కడ కట్టిన నడుం భాగాన్ని మధ్యలో అతికారు. 1972లో పనిలోకి దిగింది, యాభై ఏళ్లు దాటినా ఇనుప ఖనిజం మోసింది. ఒక్క ముక్కగానే కట్టాలని పట్టుబడితే ఏమవుతుందో లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున తెలిసింది. గ్రేట్ ఈస్టర్న్ అనే ఆవిరి ఓడ పొడవు 692 అడుగులు, నది చాల్లేదని పక్కవాటుగా దించబోయారు. 1857 నవంబర్‌లో మొదలుపెడితే 1858 జనవరి 31న గానీ తేలలేదు.

డెక్ ఆఫీసర్:
కోర్ట్ గొప్ప ఓడే, కాదనను. కానీ సరస్సు అల వేరు, సముద్రపు అల వేరండీ. పైగా ఉప్పునీరు. ఇన్‌స్పెక్టర్ గారూ, మీరు చెప్పిన ఆ టగ్ సంగతే నన్ను భయపెడుతోంది. నీళ్ల మీద తేలుతూ ఉండగా అతకడం ఎందుకు? నీటి మట్టం కింద వెల్డింగ్ మాటేమిటి?

వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్:
అక్కడ మీతో నేనూ ఏకీభవిస్తాను. తేలుతుండగా చేస్తే అతుకు చుట్టూ తొట్టి లాంటిది బిగించి నీళ్లు తోడేయాలి. ఎంత తోడినా తేమ ఉంటుంది, తేమ తగిలిన వెల్డ్‌లో పగుళ్లు వస్తాయి. దగ్గర్లో డ్రైడాక్ దొరికితే రెండు సగాలనూ అక్కడికే లాక్కెళ్లి అతకాలి. అద్దె ఎక్కువని ఓనర్లు వెనకాడతారు, దాని మీద మాత్రం నేను రాజీపడను.

డెక్ ఆఫీసర్:
అయితే నా మాట సవరించుకుంటున్నా. సగాలుగా కట్టుకోనివ్వండి, అతుకు మాత్రం డ్రైడాక్‌లోనే వేయాలని కాంట్రాక్టులో రాయించాలి. ఆ పరీక్షల రిపోర్టు కాపీ ఒకటి ఓడలో కూడా ఉండాలి. మాకు చూపించాలి.