అప్‌డేట్: ఏ మైక్రోటోమ్‌లో పెట్టినా బ్లాకు ఇప్పుడు నిండుగా తెగుతోంది

ఒక మైక్రోటోమ్‌లో (కణజాలాన్ని పలుచని పొరలుగా కోసే యంత్రం) కోసిన బ్లాకును, అంటే కణజాలం పొదిగిన మైనం దిమ్మను, రీకట్ (మళ్లీ కోయడం) కోసం మరోదానిలో పెడితే ఒక అంచే తెగుతోందని, కోత ముఖం సమం చేసేలోపే చిన్న బయాప్సీల్లో (పరీక్షకు తీసిన ముక్కల్లో) కణజాలం అయిపోతోందని ఇంతకుముందు అడిగాను. బ్లేడును అనుమానించాను గానీ, తేడా బ్లాకును పట్టే తలలో ఉంది.

కణజాలం లేని ఖాళీ పారఫిన్ (మైనం) బ్లాకును మొదటి మైక్రోటోమ్‌లో నిండు ముఖం వచ్చేదాకా కోసి, దాన్నే కొలబద్దగా మిగతా రెండింటిలో బిగించాను. చక్రానికి లాక్ వేసి, బ్లేడు అంచుకూ ముఖానికీ మధ్య వెలుగు గీత అంతటా ఒకే మందంలో కనిపించేదాకా తల మరలు సరిచేశాను. తర్వాత 4 మైక్రాన్ల మందం దగ్గర చక్రం మూడో తిప్పుకే పూర్తి సెక్షన్ (పొర) వచ్చింది! ఎంత ఊరటో.

క్యాసెట్ (బ్లాకు అతికి ఉండే ప్లాస్టిక్ పెట్టె) అంచుల మైనం మాత్రం ముందే గీకేయాలి. అది ఉంటే బ్లాకు వంకరగా కూర్చుంటుంది.