అప్‌డేట్: ఎసింక్ సూచనలు పనిచేస్తున్నాయా అన్న నా ప్రశ్న గురించి

కోడింగ్ ఏజెంటుకు (మా కోసం కోడు రాసే ఏఐ) మేము రాసిచ్చిన ఎసింక్ (పైథాన్‌లో పలు పనులను కలిపి ముందుకు నడిపే పద్ధతి) నియమాల వల్ల కోడు నిజంగా మెరుగుపడుతోందా, లేక అది ఆ నియమాలను మనకే తిరిగి అప్పజెబుతోందా అని ఇంతకుముందు అడిగాను. మీరు చెప్పినట్లే, అవే పనులను సూచనలు ఉంచి, తీసేసి, పలుమార్లు చేయించి చూశాను.

తేడా ఉంది గానీ, నేను ఊహించిన చోట కాదు. ఈ పనులను వంతులవారీగా నడిపే ఈవెంట్ లూప్‌లో, ఆ లూప్‌నే ఆపేసే టైమ్.స్లీప్ వాడకూడదన్న నియమం లేకున్నా ఏజెంటు ఆ తప్పు చేయలేదు కనుక ఆ వాక్యాన్ని తీసేశాను. అసలు తేడా, ఒక పనిని టాస్కుగా లూప్‌కు అప్పగించే క్రియేట్ టాస్క్ దగ్గర కనిపించింది. లూప్ టాస్కులకు బలహీన రిఫరెన్సులే (వాటిని మెమరీలో నిలిపి ఉంచలేని సూచికలు) ఉంచుకుంటుంది కాబట్టి, టాస్కును మనం ఎక్కడా పట్టి ఉంచకపోతే అది పని మధ్యలోనే గార్బేజ్ కలెక్షన్‌లో (ఎవరూ పట్టుకోని వాటిని పైథాన్ మెమరీ నుంచి తీసేసే ప్రక్రియ) పోవచ్చు. "టాస్కులను జాగ్రత్తగా నిర్వహించు" అన్న మా పాత వాక్యం వల్ల ఒరిగిందేమీ లేదు, పైథాన్ 3.11 నుంచి ఉన్న, టాస్కులను తానే పట్టి ఉంచే టాస్క్‌గ్రూప్‌ను వాడమని, కుదరకపోతే టాస్కును ఒక సెట్‌లో ఉంచి పూర్తయ్యాక తొలగించమని, కారణంతో సహా రాశాకే కోడు మారింది.

పొరపాటు ఒకటి నాదే. టెస్టులు పాసైతే చాలనుకున్నాను, కానీ నా టెస్టులో టాస్కు ఎసింక్ స్లీప్‌లో ఉండేది. అలాంటి టాస్కును లూప్ టైమరే పట్టి ఉంచుతుంది, కాబట్టి తప్పు కోడు కూడా దర్జాగా పాసయ్యేది. ఇప్పుడు ఇంకెవరూ పట్టుకోని ఫ్యూచర్ (ఇంకా రాని ఫలితానికి గుర్తు) కోసం టాస్కును ఎదురుచూడనిచ్చి, గార్బేజ్ కలెక్టర్‌ను బలవంతంగా నడిపిస్తున్నాను.

టాస్కును రద్దు చేసినప్పుడు వచ్చే క్యాన్సిల్డ్‌ఎర్రర్‌ను మింగేసే ఉత్త ఎక్సెప్ట్‌లు (ఏ ఎర్రరో చెప్పకుండా అన్నిటినీ పట్టేవి) మాత్రం అప్పుడప్పుడు ఇంకా వస్తున్నాయి.