అద్దకం యూనిట్‌లో ముందు సోలారా, బాయిలరా?

ప్రశ్న: నేను నూలు అద్దే చిన్న యూనిట్ నడుపుతున్నాను. పర్యావరణ భారం తగ్గించాలని కొనుగోలుదారులు అడుగుతున్నారు. పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లతో మొదలుపెట్టవచ్చా?

జవాబు: ప్యానెళ్లు మంచివేనండి, కానీ అద్దకంలో ఎక్కువ శక్తి ఖర్చయ్యేది ఆవిరి రూపంలో. ఆవిరి చల్లబడి ఏర్పడే వేడినీటిని కాలువలోకి వదలకుండా బాయిలర్‌కు తిరిగి పంపితే, లోపలికి వెళ్లే నీటి ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ దాదాపు 1 శాతం ఇంధనం మిగులుతుంది. పాడైన స్టీమ్ ట్రాపులను (ఆవిరిని ఆపి, చల్లబడిన నీటిని మాత్రమే బయటికి వదిలే కవాటాలను) మార్చడం ప్యానెళ్ల కంటే ఎంతో చౌక.

మరో జవాబు: నన్నడిగితే అసలు చిక్కు ఉప్పుది. రియాక్టివ్ రంగులు (నూలు పోగుతో రసాయనికంగా కలిసిపోయేవి) పట్టడానికి ఉప్పును లీటరు నీటికి ఇన్ని గ్రాములని లెక్కగట్టి వేస్తాం కనుక, కిలో నూలుకు 10 లీటర్ల బదులు 6 లీటర్లతో అద్దే యంత్రం తెచ్చుకుంటే నీటితో పాటు ఉప్పు, ఆవిరి కూడా తగ్గుతాయి. కరిగిన ఉప్పు మామూలు శుద్ధితో పోదు. 2011లో మద్రాసు హైకోర్టు ఆదేశంతో తిరుప్పూర్ అద్దకం యూనిట్లు మూతపడింది ఈ వ్యర్థ జలాల వల్లనే. తర్వాత అక్కడ ఆర్‌ఓ యంత్రాలతో నీటిని, ఉప్పును తిరిగి వాడుకుంటున్నారు.

ప్రశ్న అడిగినవారు: మాది 10 లీటర్ల యంత్రమే. ఈ వారం ట్రాపులు పరీక్ష చేయిస్తాను.