ఆరు వారాల సెలవు వద్దన్న స్విస్ ఓటు: భయమా, లెక్కా?

కృష్ణలంక:
2012 మార్చి 11న స్విట్జర్లాండ్‌లో ఉద్యోగులందరికీ జీతంతో ఏటా కనీసం ఆరు వారాల సెలవు కావాలా అని జనాన్నే అడిగారు. చట్టంలో ఉన్నది నాలుగు వారాలు, ఇరవై ఏళ్లు నిండనివాళ్లకు ఐదు. 66.5 శాతం మంది వద్దన్నారు. ఒక్క కాంటన్‌లోనూ (అక్కడి రాష్ట్రం) ప్రతిపాదన గెలవలేదు. ఏటా 600 కోట్ల ఫ్రాంకుల (స్విస్ కరెన్సీ) భారమని యజమానుల సంఘాలు బెదరగొట్టాయి. నిజానికి ఆరు ఒక్కసారే రావు: మొదటి ఏడాది ఐదు వారాలు, ఆపైన ఏటికి ఒక్కో రోజు చొప్పున ఐదేళ్లలో ఆరు.

జమాఖర్చు:
భయం కాదండీ, లెక్కే. నాలుగు వారాలు తీసేస్తే ఏడాదికి 48 పనివారాలు, ఆరు తీసేస్తే 46. అదే పని సాగాలంటే 4.35 శాతం మంది అదనంగా కావాలి. 23 మంది ఉన్నచోట తలా రెండు వారాలు కలిపితే సరిగ్గా 46. ఇంకొకరిని పెట్టుకుంటే చాలు. ఐదుగురున్న వడ్రంగి షెడ్డులో లోటు పది వారాలే. పది వారాల కోసం పనితనమున్న మనిషి దొరకడు, ఆ బరువు మిగతా నలుగురి మీదే పడుతుంది. ఐదేళ్ల గడువిచ్చినా ఈ చిక్కు తీరదు.

పేస్లిప్:
గంటల లెక్కన పనిచేసేవాళ్లను ఇద్దరూ వదిలేశారు. పని గంటలు నిలకడగా లేనివాళ్లకు సెలవు డబ్బు గంట జీతంలోనే కలిపిస్తారు: నాలుగు వారాలకు 8.33 శాతం, ఆరైతే 13.04. గంటకు 25 ఫ్రాంకులైతే 2.08 కాస్తా 3.26 అవుతుంది. ఒప్పందంలోనూ ప్రతి పేస్లిప్‌లోనూ ఆ మొత్తం విడిగా కనపడాలి. "సెలవు కలిపి" అని ఊరికే రాసిన యజమాని కోర్టుకెళ్తే మళ్లీ కట్టాల్సి వస్తుంది. అసలు నష్టం వేరే ఉంది. నెలనెలా వచ్చిన ఆ డబ్బు అద్దెకే ఖర్చయిపోతుంది, సెలవు పెట్టిన నెల చేతిలో ఏమీ ఉండదు. వారాలు పెంచినంత మాత్రాన వీళ్లకు విశ్రాంతి పెరగదు.

కృష్ణలంక:
ఒప్పుకుంటాను, దానికి వేరే నిబంధన కావాలి. కానీ ఓటు వృథా అనకండి. 1985 మార్చి 10న ఇలాంటి ప్రతిపాదనే ఓడింది. అది ఓటుకు రాకముందే, 1984 నుంచి అమలయ్యేలా, పార్లమెంటు కనీసాన్ని నాలుగు వారాలకు పెంచింది. ఆ ఒత్తిడి లేకుంటే పెంచేదా?

జమాఖర్చు:
చాలా రంగాల్లో కార్మిక సంఘాలు బేరమాడి ఐదు వారాలు ఇప్పటికే తెచ్చుకున్నాయి. ఏ రంగం ఎంత మోయగలదో అక్కడివాళ్లకే తెలుసు. అదే సరైన దారి.

పేస్లిప్:
సంఘమే లేని రంగంలో బేరమాడేదెవరండీ? అక్కడ చట్టం చెప్పిన నాలుగు వారాలే మొదలూ చివరా.