సద్దన్నంలో దొరికిన బాక్టీరియాకు సేఫ్టీ టెస్టులు కావాలా?

పరకాల పిల్ల:
ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం మా అమ్మమ్మ సద్దికుండ నీళ్ల నుంచి 14 రకాల బాక్టీరియా తీశాను. అందులో ఒకటి పీహెచ్ 2లో, అంటే కడుపులో ఉండేలాంటి గాఢ ఆమ్లంలో, మూడు గంటలు బతికింది, పైత్యరసం లవణాలనూ తట్టుకుంది. మా మహిళా సంఘం అక్కలు దాన్ని పొడి చేసి, 'ప్రోబయోటిక్' (కడుపుకు మేలు చేసే బాక్టీరియా) పేరుతో చిన్నపిల్లల కోసం అమ్ముదామంటున్నారు. టెస్టులు ఇంకా ఉన్నాయి అంటే "తాతల నాటి నుంచి తింటున్నదే కదా" అంటున్నారు. మీరేమంటారు?

జనగామ రైతు:
అక్కలు అన్నది నిజం. పొద్దున సద్ది, ఉల్లిగడ్డ తిని పొలం పోయినోళ్లం. మాకెవరికీ ఏమీ కాలేదు. మన తిండికి వేరేవాళ్ల సర్టిఫికెట్ ఎందుకు?

హనుమకొండ ల్యాబ్:
అన్నా, నేనూ సద్ది తిని పెరిగినదాన్నే. కానీ ఇక్కడ అమ్మేది సద్దన్నం కాదు. కుండలో ఎన్నో రకాలు కలిసి పెరుగుతాయి, ఒకదాన్నొకటి అదుపులో పెడతాయి. ఒక్కదాన్నే ఏరి, పెంచి, కోట్ల లెక్కన పొడిలో పెడితే అది వేరే వస్తువు. దాన్ని మన తాతలు తినలేదు.

చెల్లీ, ఆమ్లాన్ని తట్టుకోవడం మంచి గుణమే, కానీ రోగాలు తెచ్చే క్రిముల్లో కొన్ని కూడా కడుపు దాటి బతుకుతాయి. ముందు పేరు తేల్చు. పులిసిన తిండిలో పులియబెట్టే బాక్టీరియా లాక్టోబాసిల్లస్‌తో పాటు ఎంటరోకాకస్ అనేది కూడా దొరుకుతుంది. గ్రామ్ రంగు వేస్తే రెండూ ఊదాగానే ఉంటాయి, పెరాక్సైడ్ చుక్కకు రెండూ నురగ ఇవ్వవు. కానీ ఎంటరోకాకస్‌లో కొన్ని ఆస్పత్రుల్లో మొండి ఇన్ఫెక్షన్లు తెచ్చేవి. బాక్టీరియా ఏ జాతిదో చెప్పే 16ఎస్ జన్యువు చదివించు.

తర్వాత గొర్రె రక్తం కలిపిన ప్లేటు మీద ఆ బాక్టీరియాతో గీత గీసి, 37 డిగ్రీల్లో రెండు రోజులు ఉంచి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడు. గీత చుట్టూ ఎరుపు పోయి గాజులా తేటబడితే ఎర్రకణాలు పగిలినట్టే. ఇక దాన్ని అక్కడే వదిలెయ్యి.

బాక్టీరియా పరిచిన ప్లేటు మీద యాంటీబయాటిక్ కాగితపు బిళ్లలూ పెట్టు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ బాక్టీరియా పెరగక ఖాళీ వలయం వస్తుంది. వాంకోమైసిన్ చుట్టూ ఖాళీ వలయం రాకపోతే కంగారు పడకు, చాలా లాక్టోబాసిల్లస్‌లకు ఆ నిరోధం పుట్టుకతోనే ఉంటుంది, ఇంకోదానికి అంటించవు. టెట్రాసైక్లిన్, ఎరిత్రోమైసిన్ దగ్గరే టెన్షన్. వాటిని తట్టుకునే నిరోధ జన్యువు ప్లాస్మిడ్ (ఒక క్రిమి నుంచి ఇంకోదానికి దాటగల చిన్న డీఎన్‌ఏ ముక్క) మీద ఉంటే పేగుల్లోని వేరే క్రిములకు చేరొచ్చు. బర్రెకు పొదుగువాపు వస్తే యాంటీబయాటిక్ వాడతాం, దాన్ని తట్టుకునే క్రిములే మిగలొచ్చు. ఆ పాల చల్లే కదా సద్దికుండలో పోసేది!

ఇవన్నీ నా చాదస్తం కాదు. కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, బయోటెక్నాలజీ విభాగం డీబీటీ కలిసి 2011లో ఇచ్చిన ప్రోబయోటిక్ మార్గదర్శకాలు ప్రతి స్ట్రెయిన్‌నూ (ఒకే జాతిలోని ఒక్కో రకాన్నీ) విడిగా పరీక్షించమన్నాయి.

జనగామ రైతు:
మేడం, జన్యువులు చదివించే పైసలు సంఘం దగ్గర ఎక్కడివి? ఆ ఖర్చు కంపెనీలే పెట్టుకోగలవు. రేపు మన కుండలోది వాళ్ల డబ్బాలో చేరుతుంది.

హనుమకొండ ల్యాబ్:
ఆ భయం నాకూ ఉంది అన్నా. అందుకే ఎక్కడ, ఎవరి కుండ నుంచి తీశారో రాసిపెట్టి, స్ట్రెయిన్‌ను చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల భాండాగారం ఎంటీసీసీలో దాచాలి. మన జీవసంపదతో వ్యాపారం చేస్తే లాభంలో వాటా ఇవ్వాలని 2002 జీవవైవిధ్య చట్టం చెబుతోంది. రక్తం ప్లేటు, బిళ్లలు కాలేజీ ల్యాబులోనే అయిపోతాయి, వాటికి పెద్ద ఖర్చు లేదు.

నర్సు, కాజీపేట:
పిల్లల కోసం అన్నారు కాబట్టి చెబుతున్నా. నెలలు నిండని పసికందులకు ప్రోబయోటిక్ ఇస్తే ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు రావచ్చని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023లో హెచ్చరించింది. ఆరోగ్యంగా ఉన్న రైతుకు పడింది ఇంక్యుబేటర్‌లోని బిడ్డకు పడుతుందని అనుకోవద్దు. పొడి ప్యాకెట్ ఊళ్లోకి వెళ్లాక ఎవరి నోట్లో పడుతుందో మన చేతిలో ఉండదు.

పరకాల పిల్ల:
రెండు వారాల తర్వాత రాస్తున్నా. రక్తం ప్లేటు మీద గీత చుట్టూ ఎరుపు అలాగే ఉంది, చాలా సంతోషపడ్డాను. మర్నాడు టెట్రాసైక్లిన్ బిళ్ల చూస్తే బాక్టీరియా దాని అంచు దాకా పెరిగిపోయి ఉంది, అంటే ఆ మందుకు లొంగట్లేదు. మూడుసార్లు చేశా, మూడుసార్లూ అంతే. అక్కలకు ప్లేటే తీసుకెళ్లి చూపించాను. పొడి పని ఆపారు. పెద్దక్క మాత్రం ఒక మాట అడిగింది: "ఇది కాకపోతే మిగతా 13 ఉన్నాయి కదా?" ఉన్నాయి. సోమవారం నుంచి వాటికీ బిళ్లలు పెడుతున్నా.